మైసయ్య డప్పు మీద చెయ్యి

అనగనగా అంటే నిన్నో మొన్నో అనుకునేరు. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. ఒక ఊరు ఉండేది. ఊరికి రెండు వాడలు. తూర్పు వాడ కోడి కూస్తే, పడమటి వాడ ఇంకా తెల్లారలేదనేది. పడమటి వాడ కూరలో ఉప్పేస్తే, తూర్పు వాడ చప్పిడి తినేది. అంత పంతం!

ఆ ఊళ్లో మైసడని ఒకడుండేవాడు. డప్పు కొట్టి చాటింపు వేయడం అతని పని. అతనికో పట్టింపు ఉండేది. ఎవరు ఏ మాట చాటమన్నా, ముందు ఆ మాటను వాళ్లకే తిరిగి చెప్పేవాడు. వాళ్లు "అవును, నా మాట అదే" అన్నాకే డప్పు మీద దెబ్బ పడేది. ఊరందరి మాటా మోసిన మైసడికి ఊరి బావిలో చేద వేసే హక్కు మాత్రం లేదు. ఎవరైనా పోస్తేనే నీళ్లు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది, కానీ దాచితే కథ కాదు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. బావి ఎండిపోయింది. తూర్పు వాడ పెద్ద గంగారాం, పాత బావినే లోతు చేద్దామన్నాడు. పడమటి వాడ పెద్ద నాంపెల్లి, వాగు ఒడ్డున కొత్తది తవ్వుదామన్నాడు. ఇంకేముంది? వాళ్లక్కడ తవ్వారు, వీళ్లిక్కడ తవ్వారు. సగం మనుషులు, సగం మోకులు. రెండు గుంతలు మిగిలాయి గానీ చుక్క నీరు పడలేదు. రెండు కోసుల అవతలి నుంచి మోసుకొచ్చిన నీళ్లతో ఊరు ప్రాణం నిలుపుకుంటోంది.

అప్పుడే మైసడి భార్య ఎంకవ్వ జ్వరంతో మంచం పట్టింది. నోరు పిడచకట్టుకుపోయింది. ఆమెను విడిచి నీళ్లకు పోలేక, మైసడు చెంబు పట్టుకుని గంగారాం వాకిట నిలబడ్డాడు.

"పడమటోళ్లకు మతి లేదని చాటురా, నీళ్లు పోస్త" అన్నాడు గంగారాం.

నాంపెల్లి వాకిట నిలబడ్డాడు.

"తూర్పోళ్లు దొంగలని చాటురా, నీళ్లు పోస్త" అన్నాడు నాంపెల్లి.

ఖాళీ చెంబుతో తిరిగొస్తుంటే రెండు వాడల నడుమ దారిలో ఇద్దరూ అడ్డం వచ్చారు. వెనకాల ఊరు ఊరంతా ఉంది.

"నా మాట చాటు!"

"నా మాట చాటు!"

"లేకుంటే డప్పు పగలగొడ్త!"

మైసడు భుజాన ఉన్న డప్పు తీసి దారి నడుమ పెట్టాడు.

"పగలగొట్టున్రి పటేలా. కానీ ఒక్కసారి నా పని మీరు జేసి సూడున్రి. డప్పు మీద చెయ్యి పెట్టి అవతలాయన మాట మీరు చెప్పున్రి. ఆయన అవునంటే మీ మాట నేను చాటుత."

"గిదెంత పని!" అని నాంపెల్లి చెయ్యి పెట్టాడు. "బావి తన ఇంటి పక్కనే ఉండాలని గంగారాం యావ."

"కాదు!" అని అరిచాడు గంగారాం. డప్పు మోగలేదు.

గంగారాం చెయ్యి పెట్టాడు. "కొత్త బావికి తన పేరు పెట్టుకోవాలని నాంపెల్లి సోకు."

"కాదు!" అని అరిచాడు నాంపెల్లి. డప్పు మోగలేదు.

మూడోసారి నాంపెల్లి మళ్లీ చెయ్యి పెట్టాడు. నెత్తి గోక్కుని, "మరి నీ మాట ఏందే గంగారాం?" అన్నాడు. ఇన్నేళ్లలో ఒక వాడ ఇంకో వాడను అడగడం అదే మొదలు.

"పసులు పది దినాలకు మించి బతకయి. కొత్త బావి అంతల తెమలది. అందుకే పాతది అన్న."

ఆ మాటే నాంపెల్లి తిరిగి చెప్పాడు. గంగారాం తల ఊపాడు. "అవును, నా మాట అదే." మైసడు డప్పు మోగించాడు.

"పాత బావి అడుగున బండ ఉన్నది. మూడు గడ్డపారలు వంగినయి. వాగు కాడ ఇసుకల చెమ్మ తగులుతున్నది" అన్నాడు నాంపెల్లి. గంగారాం తిరిగి చెప్పాడు.

"అవును, నా మాట అదే." అన్నాడు నాంపెల్లి. డప్పు మళ్లీ మోగింది. తాము చాటమన్న మాటలకు ఇద్దరూ సిగ్గుపడి ఎంకవ్వకు చెరో చెంబు నీళ్లు తెచ్చారు.

దాంతో ఇద్దరి మాటా ఒకటైందనుకునేరు. కాలేదు. గంగారాంకు పాత బావే, నాంపెల్లికి కొత్త బావే. కానీ ఊరంతా కలిసి అయిదు రోజులు అక్కడ, పడకపోతే అయిదు రోజులు ఇక్కడ తవ్వాలని ఒప్పుకున్నారు. నాంపెల్లి పాత బావిలో దిగి చేతులు బొబ్బలెక్కేలా తవ్వాడు. అయిదో రోజుకి బండే మిగిలింది. అప్పుడు గంగారామే గడ్డపార భుజానేసుకుని అందరికంటే ముందు వాగు దారి పట్టాడు.

మూడో రోజు నీళ్లు బుసబుసా పొంగాయి! పడమటి వాడ పడుచువాళ్లు ఈలలు వేయబోతే నాంపెల్లి కసిరాడు. "నోర్ముయ్యున్రి! ఆయన గడ్డపార పట్టకుంటే ఈ నీళ్లెక్కడియి?"

అప్పుడు గంగారాం చేద తాడు తీసి మైసడి చేతిలో పెట్టాడు.

"మొదటి చేద నువ్వెయ్యే, మైసయ్యా" అన్నాడు.

మైసయ్యా అని! పుట్టి బుద్ధెరిగాక ఆ పిలుపు అతను వినలేదు. తాడు గట్టిగా పట్టుకుని చేద వేశాడు. జ్వరం తగ్గి లేచి కూర్చున్న ఎంకవ్వ ఆ నీళ్లు దోసిలి పట్టి తాగింది. ఆ రోజు మైసయ్య డప్పు రెండు వాడల్లోనూ మోగింది.

మైసయ్య పోయి ఎన్ని తరాలైందో. ఆ బావిలో ఏటా మొదటి చేద ఇప్పటికీ ఆ ఇంటివాళ్లదే. ఊళ్లో తగువులు లేవా అంటే, బోలెడు. కానీ ఎవరైనా ఎవరినైనా కాదనాలంటే ముందు మైసయ్య డప్పు మీద చెయ్యి పెట్టాలి. అవతలివాడి మాట చెప్పాలి. వాడు "అవును, నా మాట అదే" అనాలి. ఆ తర్వాత ఎంతసేపైనా కాదనవచ్చు.

ఆ డప్పు తోలు ఇప్పటికి మూడుసార్లు మార్చారట. కర్ర దెబ్బలకు కాదు. చేతులు పెట్టీ పెట్టీ అరిగిపోయి.