ఏదుపంది నున్నని గోడలు

ఇప్పలగొంది అని ఒక అడవి. అందులో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, అలుగులు, ఏదుపందులు, ఇంకా నేల కింద బతికే చిన్నాపెద్దా జంతువులు చాలా ఉండేవి. అక్కడ ఎవరి గొప్ప వారి బొరియలోనే ఉండేది.

ఈరమ్మ అనే ఏదుపంది బొరియ అన్నిటికన్నా బాగుండేది. ఇప్పచెట్టు వేర్ల కింద ఆమె, ఆమె భర్త కలిసి తవ్వుకున్న ఇల్లది. పైకప్పును ఆ వేర్లే మోసేవి. గోడలకు ఎర్రమట్టి మెత్తి, పొట్టతో రాసి రాసి నున్నగా చేయడం ఈరమ్మకు అలవాటు. చుట్టాలు వస్తే, "ఒక్క బీట ఉంటే చూపించండి" అని మురిసిపోయేది.

ఆ వేసవిలో ఆమె భర్త చిరుత పాలబడ్డాడు. ఈరమ్మ అప్పటికే కడుపుతో ఉంది. కాన్పు వానల్లో వస్తుంది. పుట్టే బిడ్డలు తడవకూడదు. ఆమెకు ఇక అదొక్కటే దిగులు.

ఆ రోజుల్లోనే గుండప్ప అనే పందికొక్కు వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"అక్కా, నా కలుగు మీద నాగలి నడిచింది. ఒక మూల ఇస్తే పడుంటాను. ఒంటరిదానివి, నీకూ తోడుగా ఉంటాను" అన్నాడు.

అంత వినయంగా అడిగితే ఈరమ్మ మనసు కరిగిపోయింది. వెనక గది ఇచ్చింది.

పక్క బొరియలో చలమయ్య అనే, ఒంటినిండా పొలుసులున్న ముసలి అలుగు ఉండేవాడు. ఆయన వచ్చి చెప్పాడు. "అమ్మాయ్, ఇచ్చావు సరే. వాడి పళ్ళు ఊరికే ఉండవు. మొదటి కన్నం పడిన రోజే నలుగురినీ పిలిచి చూపించు. పూడ్చకు."

"నా ఇంట్లో కన్నమా బాబాయ్? నేనుండగానా?" అని ఈరమ్మ నవ్వేసింది.

కన్నం పడనే పడింది. వెనక గది గోడలోంచి వెలుతురు కనబడేసరికి ఈరమ్మ గుండప్పను నిలదీసింది. గుండప్ప మాత్రం పళ్ళు చూపించి, "ఇవి పెరుగుతూనే ఉంటాయి అక్కా. దేన్నో ఒకదాన్ని కొరక్కపోతే నోరు మూతపడదు. ఇంకెప్పుడూ చెయ్యనులే" అన్నాడు.

ఆమె నలుగురినీ పిలిచిందా? లేదు. ఈరమ్మ ఇంట్లో కన్నమట అని అడవి అంతా చెప్పుకుంటే తల ఎక్కడ పెట్టుకోవాలి? గుట్టుగా తడిమట్టి తెచ్చి పూడ్చింది, పొట్టతో రాసి నున్నగా చేసింది. గుండప్పకు ఇంతకంటే ఏం కావాలి? వాడు కొరకడం, ఆమె మెత్తడం. వాడు గోడలు వదిలి పైకప్పు వేర్ల మీద పడ్డాడు. ఆమె ఆ తెగిన వేర్ల మీదా మట్టి మెత్తింది. పొట్ట బరువై, ఆయాసం వచ్చి, మధ్యమధ్య కూర్చుని ఏడ్చి మరీ మెత్తింది.

"నీ దగ్గరున్న కుర్రాడు ఎలాంటివాడు వదినా?" అని కుందేలు సీతాలు ఒకరోజు అడిగింది.

ఈరమ్మ నీళ్ళు నమిలి, "బుద్ధిమంతుడే" అంది.

తొలివాన పడింది. కాన్పు దగ్గరికొచ్చింది. ఇక ఆగలేక, "తమ్ముడూ, గది ఖాళీ చెయ్యి" అంది ఈరమ్మ.

"ఎక్కడికి పోను? ఈ వానలో గెంటేస్తావా?" అన్నాడు వాడు. ఆ సాయంత్రమే ఇద్దరు బంధువులనూ తెచ్చుకున్నాడు. ఏదుపంది ముళ్ళు వీపునే కదా ఉండేది, పొడవాలంటే వెనక్కి తిరగాలి. అంత పొట్టతో ఆ ఇరుకు దారిలో ఆమె వెనక్కి తిరగనైనా తిరగలేకపోయింది.

ఆమె పడుతూ లేస్తూ ఎలుగు పెద్ద దగ్గరికి వెళ్ళింది. అడవి తగవులు తీర్చేది ఆయనే. ఆయన అందరినీ వెంటబెట్టుకుని వచ్చి, బొరియలోకి తల దూర్చి చూశాడు. గోడలన్నీ నున్నగా మెరుస్తున్నాయి.

"పాడు చేశాడన్నావు. ఏదమ్మా?" అన్నాడు.

ఈరమ్మ గబగబా గోళ్ళతో మట్టి పెకలించింది. తెగిన వేరు బయటపడింది.

"అయ్యా, అక్క కూడా వేర్లు కొరికేదే. ఆ గాట్లు నావని ఎవరు చూశారు? ఇన్నాళ్ళూ నన్ను బుద్ధిమంతుడంది. ఇప్పుడు వానలో గెంటడానికి ఈ నింద" అన్నాడు గుండప్ప. గొంతు కూడా వణికించాడు.

సీతాలు ముందుకొచ్చి, "బుద్ధిమంతుడనే చెప్పింది. నేను విన్నాను" అంది.

"తప్పు రుజువు కాకుండా వానాకాలంలో ఎవరినీ గెంటకూడదు. అది మన కట్టుబాటు. వాడు మంచివాడే అనిపిస్తోంది. సర్దుకో అమ్మా" అని ఎలుగు పెద్ద చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఇంటి కప్పు రాయి. ఆయనకేం పోయింది?

ముసురు పట్టింది. ఆ ముసురులోనే ఈరమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మర్నాడు మధ్యాహ్నం పైకప్పులోంచి నీళ్ళు కారడం మొదలైంది. అందరికన్నా ముందు పారిపోయినవాడు గుండప్పే. వాడు తవ్వుకున్న దారులు వాడికున్నాయి. ఈరమ్మ ఒక బిడ్డను నోట కరుచుకుని బయటపెట్టి, రెండోదానికోసం వెనక్కి తిరిగింది. అప్పటికే ఇల్లు కూలి మట్టిదిబ్బ అయిపోయింది. ఆమె ఆ దిబ్బను తవ్వుతూనే ఉంది. చలమయ్య వచ్చి పట్టుకుని లాగితే గానీ ఆపలేదు.

పారిపోయిన గుండప్ప అంతకుముందే చలమయ్య గుమ్మం తొక్కి చోటు అడిగాడు.

"రా, కానీ ముందు నలుగురినీ పిలుస్తాను. అలుగు నోట్లో పళ్ళుండవు. మా ఇంట్లో గాటు పడితే అది నీదే. ఆ మాట అందరి ముందూ ఒప్పుకుని లోపలికి రా" అన్నాడు ఆ ముసలాయన.

వాడు మారుమాట లేకుండా వెళ్ళిపోయాడు. చలమయ్య ఇల్లు ఆ వానాకాలమంతా చుక్క కారలేదు. ఈరమ్మకూ, మిగిలిన బిడ్డకూ ఆ ఇంట్లోనే ఇంత చోటు దొరికింది.

వాన కాస్త తెరిపి ఇచ్చాక, గుండప్ప సీతాలు ఇంట్లో చేరాడని తెలిసింది. ఈరమ్మ బిడ్డను చంకనేసుకుని పరుగున వెళ్ళింది.

"సీతాలూ, వాణ్ణి ఉంచుకోకు. నా ఇల్లు కూల్చింది వాడే. నా బిడ్డ పోయింది వాడి వల్లే."

సీతాలు జాలిగా చూసింది. "దుఃఖంలో ఉన్నావు వదినా, ఏదో ఒకటి అంటావు. పెద్దాయన స్వయంగా చూసి మంచివాడన్నాడు కదా" అని తలుపుకు అడ్డంగా నిలబడింది.

లోపల ఎక్కడో పరపరమని కొరుకుతున్న చప్పుడు వినిపించింది. సీతాలు కూడా విన్నది. "కన్నం చిన్నదేలే, పొద్దున్నే పూడ్చేస్తాను" అంది మెల్లగా.

నీతి: ఇంటిని పాడుచేసేవాడి తప్పును పరువు కోసం కప్పిపెడితే, ఇల్లూ మిగలదు, రేపు నిజం చెప్పినా నమ్మేవారూ మిగలరు.