గలగలవంక

ఒకప్పుడు వంకలకు, వాగులకు గొంతు ఉండేది కాదు. నీళ్లు పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా పోయేవి.

ఆ రోజుల్లో ఒక గుట్ట కింద చిన్న పల్లె ఉండేది. దాని పేరు నోరెండపల్లె. నీళ్ల కోసం ఆడవాళ్లు పొద్దున పోతే మధ్యాహ్నానికి గాని తిరిగొచ్చేవాళ్లు కాదు. ఆ పేరు వింటేనే పిల్లనిచ్చేవాళ్లు వెనక్కి తిరిగిపోయేవాళ్లు.

చివరికి అందరూ విసిగిపోయి ఊరు ఖాళీ చేద్దామనుకున్నారు. పొద్దున్నే బండ్లు కట్టారు. అందరిలోకీ ఎక్కువ దిగులు పడింది సుంకులవ్వ. ఆమెకు చూపు పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆ పల్లెలో ప్రతి గట్టూ, ప్రతి గుంటా ఆమె పాదాలకు తెలుసు. కొత్తచోట చెయ్యి పట్టుకుని నడిపిస్తే తప్ప అడుగు వేయలేదు.

బండెక్కబోతుంటే అవ్వ పెంచుకున్న బొల్లిమేక పక్కన లేదు. దాని మెడలో గంట గుట్ట అవతల మోగుతోంది. మీరు కదలండి, వెనకే తోలుకొస్తానని చెప్పి, కర్ర పట్టుకుని అవ్వ బయల్దేరింది. ముళ్లపొదల సందుల్లో దూరి మేకను తడిమితే దాని గడ్డం తడిగా ఉంది. ఇంకో అడుగు వేసేసరికి చల్లటి నీళ్లు చీలమండ దాకా వచ్చాయి.

అవ్వ దోసిలితో కడుపారా తాగింది. తర్వాత ఊరివాళ్లను కేక వేసింది. ఆ ముసలి గొంతు గుట్ట దాటలేదు. అవతల బండ్లు కదులుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"ఇంత దగ్గరుండి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పకపోతివే తల్లీ. ఇప్పుడన్నా పిలువు," అంది వంకతో.

అవ్వ చెవి నీళ్లకు ఆనించింది. "పిలవాలనే ఉందవ్వా. గొంతేదీ నాకు?" అని వంక సన్నగా అంది.

గట్టు మీది రాళ్లు ఇదంతా వింటున్నాయి. నీళ్లలోకి దిగి వంకకు గొంతు ఇవ్వమని అవ్వ వాటిని అడిగింది. చలి మాకు పడదన్నాయి రాళ్లు.

అవ్వ ఒక రాయిని చేత్తో నిమిరింది. "ఒళ్లంతా మొనలే కదరా నాయనా. నీమీద ఎవరన్నా కూర్చుంటారా? నీళ్లలో పడుకో. పసిబిడ్డ బుగ్గలా తయారవుతావు."

రాళ్లన్నీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ముందు ఒక బుడ్డరాయి దబుక్కున దూకింది. దాని వెనక అన్నీ దొర్లుకుంటూ దిగాయి. నీళ్లు వాటిని ఒరుసుకుంటూ, ఎక్కి దిగుతూ గలగలా నవ్వాయి.

ఆ చప్పుడు ముందు ఎద్దులు విన్నాయి. పగ్గాలు లాగినా ఆగకుండా బండ్లను గుట్ట చుట్టూ తిప్పి పరుగెత్తాయి. జనం పొదలు నరుక్కుంటూ వచ్చి చూస్తే, నడి వంకలో సుంకులవ్వ కూర్చుని మేకకు స్నానం చేయిస్తోంది. పిల్లలు బట్టలతోనే దూకేశారు. పెద్దవాళ్లు కూడా ఎంతోసేపు గట్టున నిలవలేకపోయారు.

ఊరిపెద్ద ఓబులేసు ముఖం తుడుచుకుంటూ అవ్వ దగ్గరికొచ్చాడు. నోరెండపల్లె అనే పేరు ఇక మనకొద్దని, కొత్త పేరు నువ్వే పెట్టమని అడిగాడు.

"నేనెందుకు పెట్టడం? అదే చెప్తోంది, విను," అంది అవ్వ.

అందరూ మాటలాపి విన్నారు. ఆ పల్లెకు గలగలవంక అనే పేరు వచ్చింది.

అప్పటినుంచే వంకల్లో రాళ్లు నున్నగా ఉంటాయి, రాళ్ల మీద నీళ్లు గలగలమంటాయి. రాళ్లు దిగనిచోట మాత్రం నీళ్లు ఈనాటికీ మూగగానే పోతుంటాయి.