గంగులు గాడిద రెండో గిలక

మూతబడ్డ నల్లరాతి క్వారీలో మనుషులు పోయాక మిగిలినవి ఇనప దూలం, తాడు, రెండు గిలకలు, ముసలి గంగులు గాడిద.

ఆ పొద్దున వాన దంచికొట్టింది. బుడ్డి అనే బర్రెదూడ కాలుజారి గుంతలో పడింది. మోకాళ్లదాకా నీళ్లు, ఇంకా పెరుగుతున్నాయి.

"గంగులు బాబాయ్! మునిగిపోతున్నా!"

గంగులు గుంతపైనున్న దూలానికి వేలాడే గిలక మీదుగా తాడేసి, రాళ్లు లేపే బెల్టు కట్టి వదిలాడు. బుడ్డి అందులో దూరింది. తాడు మెడకేసుకుని లాగాడు. గిట్టలు జారాయే గానీ దూడ కదల్లేదు.

గట్టుమీద చిట్టెయ్య నక్క మూతి నాక్కున్నాడు. "ఎందుకల్లుడూ ఆయాసం? నాకొదిలెయ్."

"నేను లేపితే?" అన్నాడు గంగులు.

"ఈ క్వారీలో మళ్లీ కాలుపెట్టను. పందెం!"

పదేళ్లు ఇక్కడ బండలు లేపడం చూసిన కళ్లు గంగులువి. బుడ్డిని బెల్టులోంచి బయటికి రమ్మని, తాడు పైకి లాక్కుని, ఒక కొస దూలానికే కట్టేశాడు. రెండో గిలకను బెల్టుకి తగిలించి, తాడు దాని కిందుగా తిప్పి, పై గిలక మీదుగా తెచ్చుకున్నాడు. ఇక సగం బరువు దూలానిది, సగమే తనది.

బుడ్డి మళ్లీ బెల్టులో దూరింది. గంగులు లాగాడు. లేచింది!

"పదడుగులు నడిస్తే ఐదడుగులేగా లేచింది, పిచ్చి గాడిదా!"

"నడక నాకు కొత్తా మామా? బరువే కష్టం."

నడిచాడు, నడిచాడు. బుడ్డి గట్టెక్కి ఆయన మెడ నాకింది. జానెడు చక్రం ఇంత దూడని లేపిందా! గంగులుకి ఆ గిలకకి దండం పెట్టాలనిపించింది.

చిట్టెయ్య మూతి ముడిచాడు. "గెలిచింది గిలక, నువ్వు కాదు. పందెం చెల్లదు. ఆ మాత్రం నేనూ లేపుతా, ఒక్క గిలకతోనే!"

"అయితే ఈ బండ గుంతలోకి దించి, పైకి లేపు మామా."

రెండో గిలక తీసేశారు. తాడు ఒక కొస బండకి, ఇంకో కొస చిట్టెయ్య నడుముకి.

"తొయ్యవే దూడా!" అన్నాడు రొమ్ము విరుచుకుని.

బుడ్డి తలతో ఒక్క తోపు. బండ సర్రున కిందికి, చిట్టెయ్య సర్రున పైకి. గిలక కింద వేలాడుతూ గింజుకున్నాడు.

"దించల్లుడూ! ఇటు మళ్లీ రాను, ఒట్టు!"

"దించుతాలే, ముందు బండ లేవాలిగా. బుడ్డీ, ఆ రెండో గిలక ఇట్టా తే."

పనిముట్టు అందరి చేతికీ వస్తది, గుట్టు తెలిసినోడి మాటే వింటది.