కవరు తీయని బోర్డు

పైడిరాజు మాస్టారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెట్టి తన దారిన తాను పోతారు. విజయనగరం పక్కన పుట్టి, సైన్యంలో మంచుకొండల మీద నౌకరీ చేసి, ఆఖరికి ఆ కొండల్లోనే ఒక రేకుల షెడ్డు వేసుకుని స్నోబోర్డు నేర్పుతూ ఉండిపోయిన మనిషి ఆయన. రెండు పాదాలూ ఒకే బల్లకు బిగించుకుని, పక్కవాటుగా నిలబడి, మంచు వాలు మీంచి జారుకుంటూ దిగిరావడమే ఆ విద్య.

ఆ శీతాకాలం ఆయన దగ్గరికి గౌరీశ్వరి అని ఒకామె వచ్చింది. బొబ్బిలిలో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. నలభై దాటాక మొదటిసారి మంచు చూసింది. చూసిన రోజే ఒక కోరిక పెట్టుకుంది: పై వాలు కొస నుంచి కింద షెడ్డు దాకా, ఎవరి చేయీ పట్టుకోకుండా, ఒక్కసారి దిగిరావాలి. ఆదివారం తిరుగు బండి. గురువారానికి సగం వాలు మాత్రమే చేతనైంది. అదీ షెడ్డులోని అద్దె బోర్డు మీద. దాని రంగు ఎప్పుడో పోయింది, ఒళ్ళంతా గీతలే. శిష్యులు దాన్ని ముసలమ్మ అంటారు. నిలబెడితే గడ్డం దాకా వస్తుంది, మధ్యలో నొక్కితే కాస్త వంగుతుంది.

ఆ ఉదయం కింది ఊరి దుకాణదారు ఒక కొత్త బోర్డు తెచ్చి షెడ్డు గోడకు ఆనించాడు. నెమలికంఠం రంగు. కాళ్ళకు బిగించుకునే పట్టీలు నిగనిగలాడుతున్నాయి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకునే ఉంది. గౌరీశ్వరి కంటే జానెడు ఎత్తు, నొక్కితే వంగదు. సాయంత్రంలోగా తేల్చుకోమన్నాడతను. కొనాలంటే కొనగలదు గానీ, కొన్నాక మిగతా రెండు రోజుల పాఠాలకు ఆమె చేతిలో ఏమీ మిగలదు.

"మాస్టారూ, కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎలాంటి బోర్డు కొనుక్కోవాలండి?" అని అడిగింది. "ముసలమ్మతో సగమే వచ్చాను. దీంతోనైతే మొత్తం వస్తానేమో అనిపిస్తోంది."

"బొబ్బిలి పట్టుకెళ్ళి ఏటి చేస్తావమ్మా, ఇసకలో తొక్కుతావా?"

"మీ షెడ్డులోనే పెడతానండి. ఏటా సెలవులకు వస్తాను."

మాస్టారు ఆ కొత్తదాన్ని ఎత్తి ఆమె చేతికిచ్చారు. "ఈ పూటకి ఇదే కట్టుకో. సాయంత్రం ఎలాంటిది కొనాలో నువ్వే నాకు చెబుదువు గాని."

కొత్త వస్తువు ఇంటికొస్తే మనవాళ్ళు ఏం చేస్తారో గౌరీశ్వరి అదే చేసింది. సంచిలోంచి కుంకుమ తీసి బోర్డు కొసన బొట్టు పెట్టింది. తన శాలువా చుట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పైకి మోసుకెళ్ళింది. ప్లాస్టిక్ పొర జోలికి మాత్రం పోలేదు. ఇంట్లో ఫ్రిజ్జు తలుపు మీది కవరు అంచులు నల్లబడి పెళపెళలాడుతున్నా ఇవాళ్టికీ తీయని మనిషి ఆమె.

దిగేటప్పుడు మంచులోంచి చిన్న రాయి తల ఎత్తితే చాలు, దగ్గరికి రాకముందే ఆమె చతికిలబడేది. లేచి, బోర్డు అంచు తడిమి చూసుకుని, మళ్ళీ నాలుగు బారలు. నిన్న అలవోకగా దిగిన వాలు ఇవాళ మధ్యాహ్నం దాకా తెమలలేదు. మళ్ళీ పైకి వెళ్ళడానికి కదిలే తాడు పట్టుకుంది. అలా వెళ్ళేటప్పుడు ముందు కాలే బిగించి ఉంటుంది, వెనక కాలు ఊరికే బోర్డు మీద ఆనించుకోవాలి. పైన తాడు వదిలిందో లేదో, తడిసిన ప్లాస్టిక్ మీద ఆ కాలు సర్రున జారింది. పడేటప్పుడు పిడికిళ్ళు ముడిచి ముంజేతుల మీద పడమని మాస్టారు మొదటి పాఠంలోనే నేర్పారు. నిన్నటిదాకా అలాగే పడింది కూడా. ఇవాళ ఆ రెండు చేతులూ బోర్డును పట్టుకోవడానికి పోయాయి. గడ్డం వెళ్ళి గట్టిపడ్డ మంచుకు కొట్టుకుంది.

మాస్టారు నడుచుకుంటూ వచ్చారు. "దెబ్బ తగిలిందా?"

"బోర్డుకేమీ కాలేదండి," అంది గౌరీశ్వరి, శాలువా చెంగుతో ఆ పొరను తుడుస్తూ.

"ఔనమ్మా. దానికేమీ కాలేదు. ఆ కవరు తీయలేదేం?"

"కొత్తది కదండీ. మాసిపోతుందని."

ఆమె గడ్డం నుంచి ఒక ఎర్రటి చుక్క కుంకుమ బొట్టు పక్కనే రాలింది. గౌరీశ్వరి ఆ రెండు ఎరుపుల్నీ చాలాసేపు చూసింది. మోకాళ్ళు చెక్కుకోకుండా ఖోఖో రాదర్రా అని బళ్ళో పిల్లలకు రోజూ చెప్పేది తనే.

సాయంత్రం ఆమె శుభ్రంగా తుడిచి ఇచ్చిన బోర్డును దుకాణదారు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరసలు ఎక్కనేలేదే," అన్నాడు. మాట అతని భాషలో ఉన్నా ఆమెకు బాగానే అర్థమైంది. నమస్కారం పెట్టి, బోర్డుతో సహా పంపేసింది.

శుక్రవారం అంతా ముసలమ్మ మీద పడుతూ లేస్తూ గడిచింది. శనివారం పై వాలు కొసన నిలబడి పట్టీలు బిగించుకుంది. బయలుదేరుతూనే ఒకసారి పడింది, మలుపులో ఇంకోసారి పడింది. సగం దాటాక బోర్డు కింద రాయి కర్రుమంది. ఆగి చూసుకోవాలని అనిపించనేలేదు. ఆగింది షెడ్డు ముందరే. అక్కడ కాసేపు ఊపిరి కోసం వంగి నిలబడి, తరువాత ఒక్కతే నవ్వుకుంది.

బోర్డు విప్పి తిరగేసి చూస్తే మొహం చిన్నబోయింది. "మాస్టారూ, ముసలమ్మకి ఇంకో గీత పెట్టేశానండి."

ఆయన బొటనవేలితో ఆ కొత్త గీతను తడిమారు. "మిగతావి ఎవరు పెట్టారనుకున్నావు? పైనుంచి దిగొచ్చినవాళ్ళే."

"మరి నేనడిగినదానికి మీరింకా చెప్పనేలేదు. ఎలాంటిది కొనాలండి?"

పైడిరాజు మాస్టారు ముసలమ్మను ఎప్పటిలాగే గోడకు ఆనించారు.

"గడ్డం దాకా రావాలి, నొక్కితే వంగాలి. మంచి పాతదే చూసుకో," అని షెడ్డు తలుపు వేయబోతూ ఆగారు. "కవరు మాత్రం, ఎవరో ఒకరు ముందే తీసేసి ఉండాలి."