ఇంగువ పేరిశెట్టి అత్తరు బేరం

దగ్గరికి జరగండర్రా. చిన్నదాని కాలు దుప్పట్లోకి లాగండి. ఆ... అనగనగా ఒక ఊళ్ళో పేరిశెట్టి అని ఇంగువ అమ్మేవాడు ఉండేవాడు. ముప్పై ఏళ్ళ బేరం. సంచికి ఇంగువ వాసన, చొక్కాకి ఇంగువ వాసన, మీసాలకీ ఇంగువ వాసనే! ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, ఆడవాళ్ళు పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేవారు. కేక వెయ్యాల్సిన పనే లేదు.

ఊ కొట్టండర్రా, గోడకి చెబుతున్నట్టుంది నాకు.

అంత బాగా అమ్మేవాడికి కష్టమేమిటంటారా? ఇంగువ చిటికెడు వేస్తే కుండెడు చారుకి సరిపోతుందాయె. ఒకసారి కొన్న ఇల్లాలు మళ్ళీ మూడు నెలలదాకా పిలవదు. ఇంట్లో చూస్తే తినే నోళ్ళు పెరిగాయి. పొయ్యి ఒక్కపూటే వెలిగేది. మనవలు మంచినీళ్ళు తాగి పడుకోవడం పేరిశెట్టి చూడలేకపోయాడు. ఇంగువతో పాటు ఇంకోటేదన్నా అమ్మాలనుకున్నాడు. పెద్దిళ్ళలో అత్తరుకి గిరాకీ ఉందని ఎవరో అన్నారట.

కోడలు అచ్చాయమ్మ, "మామయ్యగారూ, ఆ సంచిలోనా?" అంది.

"ఊరుకోమ్మా, అమ్మడం నాకు నేర్పుతావా?" అని, సీసాలు అదే సంచిలో సర్దుకుని సరాసరి కోటకి వెళ్ళాడు.

నోరున్నవాడు కదా, రాణీగారికి రెండు సీసాలు అంటగట్టేశాడు. ఆవిడ సాయంత్రం ఒళ్ళంతా పూసుకుని కొలువులోకి వచ్చింది. రాజుగారు ముక్కు ఎగబీల్చి, "ఇవాళ పప్పుచారా?" అన్నారు. మంత్రి లొట్టలు వేశాడు. భటులు తల తిప్పుకుని నవ్వారు. రాణీగారికి తల కొట్టేసినట్టయింది. ఇంగువ శెట్టి మళ్ళీ కోట వీధుల్లో కనపడ్డాడా, ఖబడ్దార్ అంది.

నవ్వకండర్రా, పాపం! ఆయన బేరంలో సగం కోట వీధులదే. ఇంటికొచ్చి సంచి మూలన పడేసి, అన్నం వద్దని గోడవైపు తిరిగి కూచున్నాడు. అచ్చాయమ్మ దెప్పలేదు. మజ్జిగ ఇచ్చి మెల్లిగా అడిగింది.

"మామయ్యగారూ, ఇంగువ కొన్నవాళ్ళు దాంతో ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తారూ! కరణంగారింట్లో చారుపొడి కొట్టుకుంటారు. మునసబుగారింట్లో అప్పడాలు ఒత్తుకుంటారు. చివరింటి ముసలమ్మకి వడియాలంటే ప్రాణం, పెట్టుకునే ఓపికే లేదు..." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కోడలి మొహంలోకి చూశాడు. "అమ్మా, మినప్పప్పు ఉందా ఇంట్లో?"

ఇంకేముంది! కొడుకు రుబ్బాడు, కోడలు వడియాలు పెట్టింది, ఎండ ఎండబెట్టింది, పేరిశెట్టి మోశాడు. ఆ సంచిలో పడితే వడియానికి ఇంకా రుచి! ముసలమ్మ మొత్తం తీసుకుని వచ్చే నెల కూడా రమ్మంది. ఇంగువ మూడు నెలలకోసారి, వడియాలు నెలకోసారి, అప్పడాలు వారానికోసారి. చారుపొడైతే చెప్పక్కర్లేదు.

కోటలో రాజుగారికేమో ఆ పప్పుచారు వాసన ముక్కు వదల్లేదు. ఏం పెట్టినా కంచం తోసేసేవారు. శెట్టి చారుపొడి సంగతి చెవినపడి, రాణీగారే విసిగిపోయి కబురంపింది. పేరిశెట్టి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"అత్తరు మాటెత్తకు. ఆ చారుపొడి ఇచ్చి వెళ్ళు, ఈయన్తో వేగలేకపోతున్నాను" అందావిడ.

ఆ రోజు నుంచీ మనవలు రెండుపూటలా కడుపునిండా తిని, కంచం దగ్గరే కునికిపాట్లు పడేవారట.

కాబట్టి, కొత్త బేరం పెట్టుకోండి, తప్పులేదు. అది పాతదాని పక్కన కుదురుగా కూచుంటుందో లేదో ముందు ఇంట్లో ఆడవాళ్ళని అడగండి. మీ తాతగారికి ఎన్నిసార్లు చెప్పానో! వింటేనా?

సరే, కథ కంచి బండెక్కింది. మీరు నిద్ర బండెక్కండి.