కత్తెరలో పోయిన అక్షరం

గెడ్డవాడ రోడ్డు సెంటరులో జిరాక్సు షాపు నడిపే హైమావతి అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి, రోజుకు వంద కాగితాలు తన చేతి కింద నుంచి పోతున్నా, వాటిలో ఏముందో ఒక్కనాడూ పట్టించుకునేది కాదు.

టైపింగులో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. "నా వేళ్లు చూసుకుంటాయి, నేను చూడక్కర్లేదు" అని గొప్పగా చెప్పుకునేది. షాపుకు వచ్చినవాళ్లు ఎన్నికల మాటో, ఎక్కడో జరుగుతున్న యుద్ధం మాటో ఎత్తితే ఫోనులో పాట సౌండు పెంచేసేది. అదీ చాలక, "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి గోడకు అంటించింది.

షాపులో సగం ఆమె తండ్రి సింహాచలానిది. అటు పక్క కంప్యూటరు, ఇటు పక్క కుట్టు మిషను. ఆడవాళ్ల జాకెట్లు కుట్టడంలో ఆయనకు మంచి పేరుండేది. అక్షరం ముక్క రాదు. కానీ వార్తలంటే ప్రాణం. మిషను పక్కన రేడియో పెట్టుకుని వినేవాడు, విన్నది అందరికీ చెప్పేవాడు.

"నాన్నా, గోడ మీద బోర్డు కనబడలేదా?" అనేది హైమావతి.

"కనబడింది తల్లీ. నాకు చదువు రాదు కదా, ఆ బోర్డు నాకు చెల్లదు" అనేవాడు సింహాచలం. జాకెట్లు తీసుకోవడానికి వచ్చినవాళ్లు నవ్వేవారు.

ఒకరోజు ఊరికి పడమరనున్న కాగితం మిల్లు నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. చేత్తో రాసిన రెండు పేజీలు ఇచ్చి టైపు చెయ్యమన్నాడు. హైమావతి పావుగంటలో కొట్టేసింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"ఏమ్మా, 'పల్లం' అని రాస్తే 'పళ్లెం' అని కొట్టావు! పళ్లెంలోకి మనుషులు ఎలా వెళ్తారు?"

హైమావతి నవ్వి దిద్దింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఒక్కసారి మొత్తం చదువుకోమ్మా. ఇది మీ ఊరి సంగతే."

"కొట్టడం నా పనండి, చదవడం మీ పని" అంది హైమావతి.

రెండు వందల కాపీలు తీయించి, పది మాత్రం మిల్లు గోడలకు అంటించడానికి పట్టుకెళ్లాడాయన. మిగతావి ఊళ్లోవాళ్లకు పంచమని ఆమెకే అప్పగించాడు. మిల్లులో క్లోరిన్ అనే విషవాయువు నింపే పెద్ద ట్యాంకు కట్టబోతున్నారనీ, ఎవరికైనా అభ్యంతరముంటే గురువారం జరిగే సభకు వచ్చి చెప్పుకోవచ్చనీ మొదటి పేజీలో ఉంది. వాయువు బయటికొస్తే జనం ఏం చెయ్యాలో రెండో పేజీలో ఉంది. హైమావతికి ఆ రెండూ తెలియవు.

సాయంత్రం సింహాచలం ఆ కట్ట చూసి అడిగాడు. "ఏటమ్మా ఆ కాగితాలు?"

"మిల్లువాళ్లవి. ఏవో సభలూ గొడవలూ అయ్యుంటాయి. రాజకీయాలే నాన్నా. వెనకవైపు తెల్లగా ఉన్నాయి, జాకెట్టు కొలతలు గీసి కోసుకో."

"కోస్తానులే. ముందు ఏటుందో చదివి పెట్టు. ఏదో దేశంలో గ్యాసు ట్యాంకు పగిలి ఊరికి ఊరే ఖాళీ చేశారని పొద్దున రేడియోలో చెప్పాడు. ఇది మన మిల్లు కాగితమంటున్నావు..."

"ఏ దేశమో, ఏ ట్యాంకో! దానికీ గెడ్డవాడకీ ఏటి సంబంధం? కోసుకో నాన్నా!"

కూతురు చదువుకున్న పిల్ల. ఆమె అక్కర్లేదంటే అక్కర్లేదనుకున్నాడు సింహాచలం. ఆ కాగితాల మీద చేతులూ మెడలూ గీసి, కత్తెరతో కోసుకున్నాడు. నిజం చెప్పుకోవాలంటే, ఆ వయసులో మనలో చాలామంది హైమావతి అన్న మాటే అని ఉంటాం.

గురువారం సభకు గెడ్డవాడ నుంచి ఒక్కరూ వెళ్లలేదు. మర్నాడు గుమాస్తా ఇంకో కాగితం తెచ్చాడు. "గ్రామస్తులకు అభ్యంతరాలు లేవు" అని హైమావతి తన చేతులతోనే టైపు చేసింది. చదవలేదు.

ఏడాది తిరిగేలోపు ట్యాంకు లేచింది.

ఆ తర్వాత శ్రావణమాసంలో ఒకరోజు ఉదయం తొమ్మిది గంటలప్పుడు మిల్లు సైరను మోగింది. పనివేళల్లో మోగే సైరనులా లేదు. ఆగి ఆగి, మళ్లీ మళ్లీ మోగుతోంది. కరెంటు పోయింది. కాసేపటికి గాలిలో వాసన మొదలైంది. వానాకాలంలో పంచాయతీవాళ్లు మురుగు కాలవల్లో చల్లే బ్లీచింగు పొడి వాసనే, కానీ ముక్కులో సూది గుచ్చినట్టుంది. రోడ్డు మీద కుక్క ఒకటి తుమ్ముతూ గుండ్రంగా తిరిగి పడిపోయింది. ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుపు మొదలుపెట్టి, దగ్గులో పడి, ఆగిపోయింది.

జనం షాపు ముందుకు పరుగెత్తుకొచ్చారు.

"హైమా! మిల్లువాళ్ల కాగితం నువ్వే కదా కొట్టావు! ఏటి చెయ్యమన్నారు అందులో?"

"నువ్వే కదే కొట్టావు! చెప్పవేం?"

"ఎటు పోవాలే? పిల్లలున్నారు, తొందరగా చెప్పు!"

హైమావతి గుర్తు చేసుకోవాలని చూసింది. ఆ రెండు పేజీల్లో ఒక్క వాక్యం కూడా ఆమెకు గుర్తు లేదు. కంప్యూటరులో ఉంది, కానీ కరెంటు లేదు. కట్ట కోసం బల్ల కింద చెయ్యి పెట్టింది. ఒక్క కాగితమూ మిగల్లేదు.

సింహాచలం ఒక్క ఉదుటున మిషను కింద పెట్టె తెరిచి వెతికాడు. జాకెట్టు చెయ్యి ఆకారంలో కోసిన కాగితం ఒక్కటే మిగిలింది, దాన్ని కూతురికి అందించాడు.

"ఇదిగో, దీని మీద అచ్చరాలున్నాయి. చదువు తల్లీ!"

హైమావతి కళ్లు మండుతున్నాయి. మొదటి వరుస సగం నుంచి ఉంది. రెండో వరుస కత్తెర అంచు దాకా ఉంది. "వాయువు వ్యాపించినప్పుడు పల్లపు ప్రాంతాలకు వెళ్ల" అని ఉంది. అక్కడితో కాగితం అయిపోయింది.

వెళ్లండి? వెళ్లకండి?

వెళ్లమన్నా, వద్దన్నా ఆ 'వెళ్ల' వరకు ఒకటే. తర్వాతి అక్షరం కత్తెరలో పోయింది. చుట్టూ నలభై మంది ఆమె ముఖం వైపు చూస్తున్నారు. ఊరికి తూర్పున పల్లంలో గెడ్డవాగు పారుతోంది. ఉత్తరాన మెట్ట ఉంది. అటా, ఇటా? పొగ పైకి పోతుంది కదా, కిందే మంచిది కదా అనుకుంది. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గుపడింది.

"గెడ్డలోకి!" అంది.

"మా అమ్మాయి చదివింది! గెడ్డలోకి పదండి!" అని కేకేస్తూ సింహాచలం అందరికంటే ముందు పరుగెత్తాడు. నడవలేని పక్కింటి ముసలమ్మను భుజాన వేసుకుని మరీ పరుగెత్తాడు.

హైమావతి ఇంకో వీధి తలుపులు కొట్టి వెనకగా వచ్చింది. గెడ్డ గట్టు ఎక్కి చూసింది. ఆకుపచ్చా పసుపూ కలిసిన మంచులాంటిది పైకి లేవడం లేదు. పోసిన నీళ్లు వాలు వెతుక్కున్నట్టు, నేల మీదుగా జారి గెడ్డలోకే దిగుతోంది. ముందు వెళ్లినవాళ్ల నడుముల దాకా అప్పటికే వచ్చేసింది.

"వెనక్కి! ఎక్కండి! మెట్ట ఎక్కండి!" అని గొంతు చించుకుని అరిచింది.

గట్టు మీద ఉన్నవాళ్లు తిరిగారు. దిగినవాళ్లకు వినబడలేదు. చున్నీని నీటిగుంటలో తడిపి ముక్కుకు కట్టుకుని ఆమె కిందికి దిగింది. ఇద్దరు కుర్రాళ్లు ఆమె వెంట దిగారు. ముసలమ్మను పైకి చేర్చారు. సింహాచలాన్ని ఈడ్చుకుంటూ తెచ్చారు.

పందొమ్మిది మందిని ఆసుపత్రిలో చేర్చారు. మూడోరోజు ఊరికి కరెంటు వచ్చింది. హైమావతి ఆ రెండు పేజీలు ప్రింటు తీసుకుని తండ్రి మంచం పక్కన కూర్చుంది. ఆయన ఆక్సిజను గొట్టం పక్కకు జరిపి అడిగాడు.

"ఇప్పుడైనా చదివి పెట్టమ్మా. ఏటుంది అందులో?"

ఆమె చదివింది. "పల్లపు ప్రాంతాలకు వెళ్లకండి. ఈ వాయువు గాలికంటే బరువు, పల్లంలో నిలుస్తుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని ఎత్తైన చోటికి ఎక్కండి."

సింహాచలం ఆ కాగితం మీద వేలు పెట్టి తడిమాడు.

"అయితే వద్దన్న అచ్చరాన్ని నేనే కోసేశానన్నమాట. నా కత్తెరే చేసింది తల్లీ."

"కాదు నాన్నా" అంది హైమావతి. "నువ్వు చదివి పెట్టమన్నావు. నేను కోసుకోమన్నాను."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకోసారి చదువు" అన్నాడు. ఆమె మళ్లీ చదివింది. మర్నాడు తెల్లవారేసరికి సింహాచలం లేడు.

అయిదు నెలలకు మిల్లువాళ్లు ట్యాంకు మళ్లీ కడతామని సభ పెట్టారు. ఈసారి హైమావతి నోటీసు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. చదువు రానివాళ్లకు గుమ్మంలో కూర్చుని చదివి వినిపించింది. ఊరి నుంచి వంద మందికి పైగా కదిలారు. సభలో ఆమె లేచి నిలబడింది. గాలి వీచినప్పుడల్లా ఆ వాసన వచ్చినట్టే ఉంటోంది ఆమెకు.

"నీ పేరేంటమ్మా? ఏ పార్టీ తరఫున వచ్చావు?" అన్నాడు సభ నడుపుతున్న ప్రభుత్వ అధికారి.

"హైమావతి అండి. పార్టీ ఏదీ లేదు. మాది గెడ్డవాడ."

"సరే, అడుగు."

"ఈ ట్యాంకు కూడా పగిలితే, మా ఊళ్లో నడవలేని ముసలివాళ్లని మెట్ట మీదికి ఎవరు మోస్తారండి? ఆ మోసేవాళ్ల పేర్లు రాసి ఇవ్వండి."

అధికారి మిల్లువాళ్ల వైపు చూశాడు. మిల్లువాళ్లు కాగితాల వైపు చూశారు. సమాధానం వచ్చేదాకా ట్యాంకు పని మొదలుపెట్టకూడదని అధికారి రాసుకున్నాడు. హైమావతి ఆ వాక్యాన్ని పైకి చదవమని అడిగి, చివరి అక్షరం దాకా విన్నాకే కూర్చుంది.

చదువుకున్న పడుచువాళ్లు ఊరి సంగతీ లోకం సంగతీ మనకెందుకని వదిలేస్తే, ఆ తప్పుకు శిక్ష ముందుగా పడేది వాళ్లను నమ్ముకున్న చదువు రానివాళ్లకే.