శనగ మొక్కకు పెట్టిన పరీక్ష

సుద్దపల్లెలో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని మద్దిలేటి, లింగమయ్య, ఓబులేసు అనే ముగ్గురు అన్నదమ్ముల గట్టి నమ్మకం. ఊళ్ళోవాళ్ళు నవ్వితే "పాపం, కుళ్ళు" అని జాలిపడేవాళ్ళు.

వాళ్ళమ్మ ఈరమ్మకు మాత్రం నడుమే పెద్ద బెంగ. ఏటా శనగ కోతలో రాలిన కాయలు వంగి వంగి ఏరీ ఏరీ ఆ నడుము పనికిరాకుండా పోయింది. అది చూసి వ్యవసాయ పరిశోధన కేంద్రం మేడం కొత్త రకం శనగలు పిడికెడు తెచ్చిచ్చింది.

"ఇవి పొడుగ్గా పెరుగుతాయి, మిషన్ కోతకు అందుతాయి. ఎండాక ఒక్కో మొక్కనూ ఊపి చూడండి. కాయలు రాలితే పీకెయ్యండి. రాలని మొక్క గింజలే విత్తనానికి దాచండి. అప్పుడు మీ అమ్మకు వంగే పని ఉండదు" అంది.

మొక్కలు ఏపుగా పెరిగి, విరగకాశాయి. ఎండిన రోజున ముగ్గురూ తలపాగాలు చుట్టి చేలో దిగారు. మద్దిలేటి ఓ మొక్కను ఊపాడు. ఒక్క కాయా రాల్లేదు.

"ఇది మంచిదే అన్నా" అన్నాడు ఓబులేసు.

"ఎట్లా తెలుసురా? ఊపమనింది గానీ ఎంతసేపో చెప్పలేదు కదా!"

అంతే, మార్చి మార్చి ఊపారు. చేతులు నొప్పెడితే కాళ్ళతో ఊపారు. చివరికి ఓ కాయ టప్పున రాలింది. "దొంగది! దొరికింది!" అని పీకి గేదెకు వేశారు. రాలిన కాయ కూడా గేదెకే. రాలింది పనికిరాదు కదా మరి!

ఇంకేముంది, సాయంత్రానికి చేనంతా గేదె పొట్టలో ఉంది. గట్టు పక్కన ఒక్క మొక్క మిగిలింది. దాని కాయలన్నీ పొద్దునే మేక మేసిపోయింది. ముగ్గురూ దాన్ని పట్టుకుని ఊపారు. ఎంత ఊపినా ఒక్క కాయ రాలితే ఒట్టు! ఆనందంతో గంతులేశారు. పసుపు కుంకుమ పెట్టి, తట్టలో ఊరేగిస్తూ ఇంటికి తెచ్చారు.

మర్నాడు మేడం వచ్చింది. "విత్తనాలేవయ్యా?"

"ఇదిగో మేడం, మీరు చెప్పిన మొక్క! గాలివాన వచ్చినా రాలదు!"

"దీనికి కాయలే లేవు కదయ్యా!"

"అదే కదా మేడం దీని గొప్ప!"

ఈరమ్మ నడుం పట్టుకుని అరుగు మీద కూలబడి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"వచ్చే ఏడు ఏం కోస్తార్రా, నా కొడుకుల్లారా?"

లింగమయ్య ప్రేమగా అమ్మ పక్కన కూర్చున్నాడు. "కోసేదేముందమ్మా? ఇంక నీకు వంగే పనే లేదు."

మేడం తన సంచిలో మిగిలిన పిడికెడు శనగలూ తీసి, ఈరమ్మ కొంగున ముడి వేసి, "వీళ్ళకు మాత్రం చూపించొద్దు పెద్దమ్మా" అని చెవిలో చెప్పింది.

ఆ పాటికి ముగ్గురూ ఆ వట్టి మొక్కను పెరట్లో నాటేసి, చుట్టూ కంప కొట్టి, కర్రలు పట్టుకుని కాపలా కూర్చున్నారు, దీని కాయలు ఎవరైనా దొంగిలిస్తారేమోనని.